బాద్‌షా బరువు తేల్చింది నువ్వే

గోదావరిఖని

బిడ్డా,

లెక్కల ట్యూషన్ మానేసి, ఆ సబ్జెక్టు బదులు పెయింటింగ్ పెట్టుకుంటానని అన్నావట. మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో అయితే నేను సగం చెప్పేలోపే నువ్వు "సరే బాపు" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను, నిదానంగా చదువు.

నీ మాటలో న్యాయం లేదని నేను అనను. ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) పదో తరగతికి ఐదు సబ్జెక్టులు చాలు. వాటిలో ఒక భాష ఉండాలి గానీ లెక్కలు తప్పనిసరి కాదు. ఆ సంగతి ఎవరినీ అడగకుండా నువ్వే చదివి తెలుసుకున్నందుకు నాకు సంతోషమే. ఇంకో మాట కూడా ముందే చెప్తాను, టెన్షన్ పడకు. నువ్వు గుర్రాల దగ్గరికి పోవడం ఎవరూ ఆపరు. మీ పెద్దమ్మ వాళ్లు ఏమన్నా సరే. లెక్కలు చేస్తేనే ధర్మసాగర్‌లోని గుర్రాల కొట్టానికి పోనిస్తాననే మాట నా నోట రాదు. ఆ కొట్టం నీకు ఏం చేసిందో నాకు తెలుసు.

హాస్టల్ నుంచి నిన్ను తీసుకొచ్చినప్పుడు నువ్వు అన్నం సరిగ్గా తినేదానివి కాదు. పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదింటిదాకా చదివించిన బడి అది. దాని గురించి ఇప్పుడు ఎక్కువ రాయను. ఇంటికొచ్చాక కూడా మాతో మాట్లాడడమే తగ్గించావు. బరాత్‌కు గుర్రాలు కిరాయికిచ్చే కాక దగ్గరికి మీ అమ్మ నిన్ను తీసుకుపోయింది, నువ్వు కాసేపు బయట తిరిగితే చాలనుకుని. అక్కడ కాక నీకు నేర్పిన మొదటి పాఠం నాకు ఇప్పటికీ గుర్తుంది. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ ఉన్నది దాదాపు అంతా కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు: సరిగ్గా నుదుటి ముందు, సరిగ్గా తోక వెనక. అందుకే ఎదురుగా పోవద్దు, భుజం పక్క నుంచి పోవాలి, వెనక నుంచి దాటాల్సి వస్తే మాట్లాడుతూ, చెయ్యి దాని ఒంటి మీద ఆనించి దాటాలి. అంటే అక్కడ నోరు విప్పక తప్పదు. ఆ సాయంత్రం నువ్వు కాక గుర్రంతో "బాద్‌షా, నేనేరా, ఇటు పోతున్న" అని పైకి అంటూ తిరుగుతుంటే మీ అమ్మ ఫోన్ పట్టుకుని నాకు వినిపించింది. బొగ్గు బాయి నుంచి అప్పుడే పైకొచ్చి ల్యాంప్ రూమ్ దగ్గర నిలబడి విన్నాను.

తర్వాత వానాకాలంలో బాద్‌షా వెనక కాలి డెక్కలో వాసన వస్తోందని అందరికంటే ముందు పట్టింది నువ్వే. పుల్లతో మట్టి తీసి చూపించావు. డెక్క అడుగున మధ్యలో మెత్తగా మూడు మూలల ఆకారంలో ఉండే భాగం నల్లబడి చీములా కారుతోంది. కొట్టంలో తడి నిలిస్తే అట్లనే అవుతుందని డాక్టర్ చెప్పాక, కింద పొడి వరిగడ్డి పరచడం, రోజూ డెక్కలు గీరడం నీ పనైంది. లాడాలు కొట్టే మనిషి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి రావాలని గోడ మీద తేదీలు రాసిపెట్టావు. సైన్స్ పుస్తకం ముట్టని పిల్ల, గుర్రం అడుగు వేసినప్పుడల్లా డెక్క ఎలా వ్యాకోచించి రక్తాన్ని పైకి పంపడానికి తోడ్పడుతుందో మీ అమ్మకు బొమ్మ గీసి చెప్పింది.

ఇంతవరకు నువ్వు ఒప్పుకుంటావు. ఇప్పుడు లెక్కల దగ్గరికి వస్తాను.

నట్టల మందు సంగతి గుర్తు తెచ్చుకో. బాద్‌షా 250 కిలోలు ఉంటుందని కాక చూపుతో అంచనా వేసి మందు పోసేవాడు. అంత బరువు తూచే కాటా కొట్టంలో ఎక్కడుంటుంది? లెక్కల మేడం నీకు ఒక సూత్రం ఇచ్చింది. ముందు కాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని అదే సంఖ్యతో గుణించి, భుజం కొన నుంచి పిరుదు కొన దాకా పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. నువ్వు దర్జీ టేపు పట్టుకెళ్లి కొలిచావు. చుట్టుకొలత 165, పొడవు 145. లెక్క వేస్తే 332 కిలోలు. ఐవర్‌మెక్టిన్ అనే ఆ నట్టల మందు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు ఇవ్వాలి. అంటే 66 మిల్లీగ్రాములు కావాల్సిన చోట ఇన్నాళ్లూ 50 పడుతోంది. నాలుగో వంతు తక్కువ. డోసు తగ్గితే చావకుండా మిగిలిన పురుగులు మందుకు అలవాటు పడతాయని డాక్టర్ కూడా అన్నాడు. నలభై ఏళ్లుగా గుర్రాలతో బతుకుతున్న మనిషి, నీ నోట్‌బుక్ చూసి డోసు మార్చుకున్నాడు. ఆ లెక్కలో ఏముంది? వర్గం, గుణకారం, భాగహారం, దశాంశాలు. నువ్వు మానేస్తానంటున్నది వాటినే.

ఒక పెళ్లి బరాత్‌కు పోయొచ్చిన మరుసటి రోజు రాత్రి కూడా అంతే. అక్కడ ఎవరో ముద్దుగా లడ్డూలు, బగారా అన్నం తినిపించారు. బాద్‌షా ముందు కాలితో నేల గీరుతోంది, తల తిప్పి తన డొక్క వైపే చూసుకుంటోంది, పడుకుని దొర్లబోతోంది. గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపులో పడింది ముందుకు పోవాల్సిందే. అందుకే దానికి కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. పొద్దున్నే చూద్దాం అని అక్కడున్నవాళ్లు అంటున్నారు. నువ్వు ఎడమ ముందుకాలి మోచేతి వెనక స్టెతస్కోపు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టావు. పదహారు. నాలుగుతో గుణిస్తే నిమిషానికి 64. నిలకడగా ఉన్న గుర్రానికి 28 నుంచి 44 ఉండాలి. ఆ అంకె చెప్పాకే కాక డాక్టర్‌కు ఫోన్ చేశాడు, ఆయన ఆ అంకె విన్నాకే రాత్రికి రాత్రి బయల్దేరాడు. "నొప్పి ఉన్నట్టుంది సార్" అని ఉంటే తెల్లవారేదేమో.

నా బతుకులోనూ ఇట్లనే జరిగింది బిడ్డా. బదిలీ ఫిల్లర్‌గా, అంటే రానివాళ్ల బదులు బొగ్గు నింపే కూలీగా బాయిలో చేరినవాణ్ని, పనివాళ్లను చూసుకునే సర్దార్ పరీక్ష, తర్వాత దానికి పై మెట్టు ఓవర్‌మన్ పరీక్ష రాసింది షిఫ్టు దిగి వచ్చి రాత్రుళ్లు చదివే. శాతాలు, గాలి పరిమాణాలు, వాలు లెక్కలు నాకు తేలిగ్గా రాలేదు. కానీ బొగ్గులోంచి వచ్చే మీథేన్ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే 1.25 శాతం దాటితే కరెంటు బంద్ చేయాలని రూలు. ముప్పై మంది నా మాట మీద లోపలికి దిగుతారు. నేను చూసేది చేతిలోని మీటరులో అంకె, దాన్ని బట్టి ఆపడమా, నడపడమా. ఆ అంకెను చదవలేని మనిషికి ఎంత ధైర్యం ఉన్నా, ఎంత అనుభవం ఉన్నా నేను ఆ పని అప్పగించను.

ఇక నీ కష్టం కూడా నాకు అర్థమైంది. గుంపులో కూర్చోబెట్టి గైడులో లెక్కలు ఒకదాని వెంట ఒకటి చేయిస్తుంటే నీకు మళ్లీ ఆ హాస్టలే గుర్తొస్తోంది. అది మార్చవచ్చు. నేను మేడంతో మాట్లాడాను. వారానికి రెండు రోజులు నీ ఒక్కదానికే చెప్పడానికి ఒప్పుకుంది. ముందు మీ కొట్టం రిజిస్టరుతోనే మొదలుపెడుతుంది: బరువులో రెండు శాతం ఎండుగడ్డి అంటే బాద్‌షాకు రోజుకు ఆరున్నర కిలోల పైన, నెలకు ఎంత, మోపు ధర ఎంత, ఉలవలకెంత, ఒక్క బరాత్ కిరాయిలో ఎంత మిగులుతుంది. కాక ఆ లెక్క ఎన్నడూ రాసుకోలేదు, రాసిస్తే ఆయనకూ మేలు. బీజగణితం దాని వెంటే వస్తుందని మేడం నమ్మకం.

పరీక్ష గురించి కూడా తొందరేం లేదు. ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు. ఏప్రిల్-మే ఒకటి, అక్టోబర్-నవంబర్ ఒకటి, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. మిగతా నాలుగు ఏప్రిల్‌లో రాసెయ్, లెక్కలు అక్టోబర్‌కు పెట్టుకో. అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు ఉన్నాయి కాబట్టి వాటిని మాత్రం చివరి రోజుదాకా ఆపొద్దు. పెయింటింగ్ కావాలంటే ఆరో సబ్జెక్టుగా పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు.

సోషల్ విషయంలో నీకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. బరువులు మోసే జంతువులకు ముళ్లున్న కళ్లెం వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లో ఉందని నువ్వే వెతికి చదివి వినిపిస్తే కదా కాక ఆ పాత కళ్లెం తీసి పారేసింది. దక్షిణాదికి అరబ్బు దేశాల నుంచి ఓడల్లో గుర్రాలు వచ్చేవనీ, వాటిని సాకడం తెలియక చాలా చచ్చిపోయేవని పాండ్యుల రాజ్యం గురించి మార్కోపోలో రాశాడనీ మీ అమ్మ చెబితే, నీకు ఆ రాత్రి నిద్ర పట్టలేదట. ఖిలా వరంగల్ పోయినప్పుడు ఆ సంగతులు నాకూ చెప్పు, కాకతీయుల మోటుపల్లి రేవుతో సహా.

పశువుల డాక్టర్ అవుతానని ఒకసారి అన్నావు, తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేను గుర్తుచేయడం లేదు, ఒత్తిడీ పెట్టను. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, మన ఇంటి నుంచి దగ్గరే. ఊరికే చూసి వద్దామంటే ఒక రోజు సెలవు పెడతాను.

ఈ ఆదివారం వస్తున్నాను. నైట్ షిఫ్టు దిగి పొద్దున బస్సుకే బయల్దేరుతాను. దర్జీ టేపు చిరిగిందన్నావు కదా, ఇక్కడ మంచిది కొన్నాను. మేడంను కూడా కొట్టానికి రమ్మన్నాను, కాకకు ముందే చెప్పు, బాద్‌షాను ఆ రోజు కిరాయికి ఒప్పుకోవద్దని. కొత్త పిల్ల గుర్రం రాణిని కొలవాలి. టేపు నువ్వు పట్టు, అంకెలు నేను రాస్తాను.

నీ
బాపు