మృదంగం ఇచ్చిన తమ్ముడికి, ఓపికగా కూర్చున్న శ్రోతలకు కృతజ్ఞతలు

గత శనివారం సాయంత్రం విజయనగరంలో, కోట దగ్గరి వీధిలోని మా బంధువుల మేడపైన ఏర్పాటు చేసిన చిన్న గాత్ర కచేరీ మంగళం దాకా సాగిందంటే, ఆ ఘనత నిర్వాహకులమైన మాది కాదు. అది ఎవరిదో నలుగురికీ తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాన పట్టింది. తేమకు మృదంగం శ్రుతి దిగిపోయింది. పాడే అమ్మాయిది ఐదున్నర శ్రుతి, అంటే ఎత్తైన స్థాయి, కావడంతో, శ్రీకాకుళం నుంచి వచ్చిన మృదంగ విద్వాంసులు అంచు చుట్టూ రాయితో కొడుతూ నాదాన్ని పైకి తెస్తుండగా, కుడి వైపు కరణి (మధ్యలోని నల్లటి పూత) పక్కనే చర్మం చిట్లిపోయింది. అప్పటికే శ్రోతలు వచ్చి కూర్చున్నారు. మరో మృదంగాన్ని శ్రీకాకుళం నుంచి తెప్పించుకునే వ్యవధి లేదు.

ముందు వరసలో ఉన్న విశ్రాంత సంగీతం మేష్టారు ఎవరూ అడగకుండానే లేచి, కంటోన్మెంట్‌లో ఉండే తమ శిష్యుడికి ఫోన్ చేశారు. ఆ తమ్ముడు అంత వానలోనూ బండి మీద వచ్చాడు. తాను నిలువెల్లా తడిసిపోయినా, దుప్పటిలో చుట్టి, పైన టార్పాలిన్ కప్పి తెచ్చిన మృదంగానికి మాత్రం చుక్క నీరు తగలనివ్వలేదు. తన చేతికి అలవాటైన వాద్యాన్ని, అంతకుముందు ముఖపరిచయమైనా లేని మనిషికి అప్పగించడం వాయించేవాళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు. అతను మృదంగం ఇచ్చి ఊరుకోలేదు. వంటింట్లో రవ్వ అడిగి తీసుకుని, తడిపి ముద్ద చేసి, నాదం గంభీరంగా పలికేలా ఎడమ వైపు తానే పెట్టాడు. విద్వాంసులతో కలిసి అర శ్రుతి పెంచి, ఆ తర్వాతే తల తుడుచుకున్నాడు.

ఈలోగా శ్రోతలను నిలిపింది వయొలిన్ విద్వాంసురాలు. మృదంగం సిద్ధమయ్యేవరకూ ఆమె ఒక్కరే మోహన రాగం ఆలాపన చేశారు. వయొలిన్‌ను సోలో కచేరీ వాద్యంగా నిలబెట్టిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1919లో ఈ ఊరి సంగీత కళాశాలలోనే ఆచార్యులుగా చేరారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అటువంటి ఊళ్లో, మైకు కూడా లేని ఆ చిన్న గదిలో, కమాను తీగ మీద ఆనే చప్పుడుతో సహా ఆ రాగాన్ని వినగలగడం మా అందరి అదృష్టం. ఆ సాయంత్రం మొత్తంలో నాకు అన్నిటికంటే బాగా గుర్తుండేది కూడా అదే. ఆలస్యమైందని ఒక్కరూ లేచి వెళ్లలేదు.

తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే మోగే ఘట్టం, ముగియగానే మృదంగ విద్వాంసులు వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఆ తమ్ముణ్ణి చూపించి, ‘ఈ నాదం ఆయనది’ అన్నారు. చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

మేష్టారికి నమస్కారాలు. తమ్ముడికి, వయొలిన్ విద్వాంసురాలికి, పిలవకుండానే వచ్చి అందరికీ టీ కాచిపెట్టిన కింది వాటా అక్కయ్యకు మా బృందం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆ మృదంగానికి కొత్త వార్లు వేయించే ఖర్చు మేమే పెట్టుకుంటామంటే తమ్ముడు ఒప్పుకోవడం లేదు. మేష్టారే అతనికి నచ్చజెప్పాలని మనవి.