రామప్ప గుడిలో అమ్మ అడిగిన ప్రశ్న

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. మొన్న ఆదివారం అమ్మను, పిల్లలను వెంటబెట్టుకొని హనుమకొండ నుండి పాలంపేటకు వెళ్లాను. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు దక్కిందని, శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని, పునాదిలో ఇసుక నింపారని నేను పిల్లలకు చెబుతుంటే (కొంచెం గొప్పకు పోయాననే ఒప్పుకోవాలి), అమ్మ మాత్రం స్తంభం మీది దారమంత సన్నని చెక్కడాన్ని చాలాసేపు చూసి, "ఇది చెక్కినాయన పేరేంది బిడ్డా?" అని అడిగింది. గుడికి శిల్పి రామప్ప పేరే నిలిచిందన్నాను. "మరి ఆయనతోని పనిచేసినోళ్లు?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. తిరుగు ప్రయాణంలో మా చిన్నోడు మన ఇల్లు కట్టిన మేస్త్రీ పేరేమిటని అడిగాడు. అదీ నాకు తెలియలేదు. అమ్మకు తెలుసు, ఆయన పిల్లల పేర్లతో సహా.