ఒక ఫేజు పోయిన రాత్రిపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: స్మార్ట్ మీటరు ఉన్నా, ఫేజు పోయిన సంగతి ఎవరూ పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

భీమవరం దగ్గర నాలుగెకరాల చెరువులో వనామీ రొయ్య సాగు చేస్తున్నాను. పోయిన మంగళవారం రాత్రి రెండున్నర దాటాక మా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయింది. మూడు ఫేజుల్లో ఒకటి ఆగిపోవడంతో నీళ్లలో గాలి కలిపే ఎనిమిది ఏరేటర్ల స్టార్టర్లూ పడిపోయి అవి ఆగిపోయాయి. షెడ్డులో బల్బు వేరే ఫేజు మీద ఉంది, అది వెలుగుతూనే ఉంది. మధ్యలో ఒకసారి లేచిన కాపలా కుర్రాడు బల్బు చూసి, కరెంటు ఉందనుకుని మళ్లీ పడుకున్నాడు. నాకు ఫోన్ చేసేసరికి నాలుగున్నర. జనరేటర్ వేసి టార్చి కొట్టి చూస్తే, గట్టు వారన నీళ్ల అంచు పొడుగునా రొయ్యల కళ్లే మెరుస్తున్నాయి. ఊపిరాడక పైకొచ్చేశాయి.

చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది. పగలు ఎండకు ఆక్సిజన్ ఇచ్చే ప్లాంక్టనే (నీళ్లలో తేలే కంటికి కనబడని నాచు) రాత్రంతా దాన్ని వాడేసుకుంటుంది. ఆ రోజంతా మబ్బు కూడాను. పదిహేను రోజుల్లో పట్టుబడికి రావాల్సిన సరుకులో సగానికి పైగా పోయింది.

మీ నంబరుకు ఫోన్ చేస్తే, "మీ ఫీడర్‌లో సప్లై ఉందండీ, మీ వైరింగ్ చూసుకోండి" అన్నారు. లైన్‌మన్ గారు ఏడింటికి వచ్చి అయిదు నిమిషాల్లో ఫ్యూజు వేశారు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు ముందే చెప్పినవాళ్లు లేరు.

నా బాధల్లా మీటరు గురించే. కరెంటు ఎక్కడ పోయినా మనం ఫోన్ చేయకముందే ఆఫీసుకు తెలిసిపోతుందని బిగించిన రోజు మీ మనిషే చెప్పాడు. ఏ ఫేజు ఎన్నింటికి పోయిందో గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఇలాంటి మూడు ఫేజుల మీటర్లలో ఉంటుంది. అరగంటకోసారి వాడకం చూపే మీ యాప్‌లోనే ఆ రాత్రి గీత ఒక్కసారిగా కిందికి పడిపోయి కనిపిస్తోంది. బిల్లు వేయడానికి మాత్రం ఇదే లెక్క ఠంచనుగా మీకు అందుతోంది. అదే లెక్క ఆ రాత్రి చూసి లైన్‌మన్‌కు ఒక్క ఫోన్ కొట్టి ఉంటే నా చెరువు నిలిచేది. మా కాలవ వెంట ఉన్నవన్నీ చెరువులే, రేపు ఎవరికైనా ఇదే జరగొచ్చు.

ఆ రాత్రి మీటరులో నమోదైన వివరాల కాపీ నాకు ఇప్పించండి. ఫేజు పోయిన వెంటనే రైతుకూ లైన్‌మన్‌కూ మెసేజ్ వచ్చేలా చేయండి. దూరం నుంచే గమనించగలిగే సేవా లోపాలకు వినియోగదారుడు అడగకుండానే పరిహారం ఇవ్వాలని 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఉంది. నా విషయంలో ఏం చేస్తారో రాతపూర్వకంగా చెప్పండి. జవాబు రాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల వేదికకు వెళతాను.

మిగిలిన రొయ్య ఇంకా చెరువులోనే ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టక రాత్రిళ్లు గట్టు మీదే ఉంటున్నాను. దయచేసి త్వరగా స్పందించండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జత: బిల్లు కాపీ, యాప్‌లోని ఆ రాత్రి వాడకం ఫొటో