చి. మధుకి నాన్న ఉత్తరం

చిరంజీవి మధుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు కాస్త నయం. వంశీ పెళ్లి వాయిదా పడింది. ఎందుకో ఫోన్లో చెప్తాను, నువ్వు ఎత్తితే. దగ్గు తగ్గిందా? రాత్రిళ్లు ఏసీ కింద పడుకోకు.

అన్నట్టు, వాట్సాప్‌లో ఫోటో మార్చావట. సరోజత్త చూసి, "ఈ మీసాలాయన ఎవరు వదినా, వీడి బాసా?" అని అడిగింది. నేనేమీ అనుకోలేదు. ఊరికే తెలుసుకుందామని కాస్త చదివాను, అంతే.

ఆ నవ్వు మొహం కొలంబియా కొకైన్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్‌ది, పోలీసులు తీసిన ఫోటోరా. 1976లో కొకైన్‌తో పట్టుబడ్డాడు. కేసు నిలవలేదు. తర్వాత మెదెయీన్ నగరంలో పేదలకు ఇళ్లు కట్టించి, 1982 కల్లా కొలంబియా పార్లమెంటులో ప్రత్యామ్నాయ సభ్యుడయ్యాడు, అంటే అసలు సభ్యుడు లేనప్పుడు ఆ స్థానంలో కూర్చునేవాడు. జనం దండలు వేస్తుంటే, ఎల్ ఎస్పెక్తదోర్ పత్రిక సంపాదకుడు గియెర్మో కానోకి మాత్రం ఈ మొహం ఎక్కడో చూశానే అనిపించింది. పాత పేపర్లు తిరగేయించి, ఆ 1976 వార్తనే 1983 ఆగస్టులో మళ్లీ అచ్చేశాడు. మెదెయీన్‌కి వచ్చిన కాపీలన్నీ ఎస్కోబార్ మనుషులే కొనేశారట. కొంటే ఆగుతుందా? కొన్నాళ్లకే రాజకీయాలు వదులుకోవాల్సి వచ్చింది. ఎస్కోబార్‌ని నిలదీసిన న్యాయశాఖ మంత్రి లారా బోనియాని 1984 ఏప్రిల్‌లో చంపేశారు. 1986 డిసెంబరులో ఒక సాయంత్రం కానో ఇంటికెళ్దామని ఆఫీసు ముందు కారు తిప్పుతుంటే, బైకు మీద వచ్చి కాల్చేశారు. 1989లో ఆ పత్రిక ఆఫీసునే లారీ బాంబుతో పేల్చారు. మర్నాడు కూడా పేపరు వచ్చింది, "ముందుకే సాగుతాం" అని పెద్దక్షరాలతో. అదే ఏడాది ఒక విమానం పేల్చేస్తే అందులో 107 మంది పోయారు. ఎవరి కోసం బాంబు పెట్టారో ఆ అధ్యక్ష అభ్యర్థి గవీరియా అసలు ఎక్కనే లేదు.

నీతులు చెప్పాలని కాదు. కానీ ఎవరి ఫోటో పెట్టుకుంటున్నామో చూసుకోవద్దా? రేపు ఉద్యోగమిచ్చేవాడు చూస్తే ఏమనుకుంటాడు? నీ రూములోకి కొత్తగా వచ్చిన కుర్రాడికి అంత ఖరీదైన బైకు ఎక్కడిదని ప్రసాదు మామయ్య అడిగాడు. నేను అడగట్లేదు, ఆయన అడిగాడు. వాళ్ల నాన్న ఏం చేస్తారు? రాత్రి ఎన్నింటికి వస్తాడు?

ఎస్కోబార్ దాక్కుని తిరిగే రోజుల్లో కూడా కొడుక్కి ఫోన్ చేసేవాడు. 1993 డిసెంబరు 2న ఆ ఫోన్ పట్టుకునే జాడ తీసి, ఇంటి కప్పు మీద కాల్చేశారు. ఆ కొడుకు పేరు మార్చుకుని అర్జెంటీనాలో బతికాడు. తండ్రి చంపించినవాళ్ల పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్లి క్షమాపణ అడిగాడట. ఆ పిల్లాడి సంగతి చదివాక రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు.

సరే. ఆదివారం పదింటికి చేస్తాను, ఎత్తు. ఆ కుర్రాడు పక్కన ఉంటే ఒకసారి వాడికివ్వు, పలకరిస్తాను. అమ్మ పార్సిల్ పంపింది, పచ్చడి సీసా మూత సరిగ్గా పట్టలేదు, నిలబెట్టి విప్పు.

మీ నాన్న