తవ్వే ముందు ఒక్క మాట చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

కడపలో మా చిన్నచౌకు వైపు జేసీబీ వచ్చిందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. కాలువ పని వద్దని కాదు. గట్టి వాన పడితే నీళ్లు గడప దాకా వచ్చే వీధి మాది, కాలువ కావాల్సిందే. రోడ్డు కింద ఏముందో ఎవరినీ అడగకుండా తవ్వేస్తున్నారే, నా బాధంతా దాని గురించే.

నేను ఇంటి నుంచి పనిచేసే డెవలపర్‌ని. వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు తయారుచేస్తాను. కంపెనీ బెంగళూరులో ఉంది. మా యాప్‌ను చిన్న చిన్న ఆసుపత్రులు వాడతాయి. పేషెంట్లు టోకెన్ తీసుకునేది, ఫీజు కట్టేది అందులోనే. అమ్మానాన్నల దగ్గర ఉంటూ, బెంగళూరులో చేసిన పనే ఇక్కడా చేయగలుగుతున్నానంటే ఇంటికొచ్చే ఆ సన్నటి ఫైబర్ కేబుల్ వల్లే.

మొన్న ఎండాకాలంలో ఒక రోజు పొద్దున్నే ఫీజు కట్టే దగ్గర తప్పు బయటపడింది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు బటన్ రెండోసారి నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది. సర్వర్‌లో సరిచేయాల్సింది సరిచేసి పంపబోతుంటే నెట్ పోయింది. బయట కాలువ కోసం తవ్వుతున్నారు, కేబుల్ తెగింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కానీ అది కరెంటు పోతేనే కదా పనికొచ్చేది. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకున్నాను. వీధిలో అందరూ అదే చేసినట్టున్నారు, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా డేటా కదల్లేదు. కోడ్ చిన్నదే, ఎలాగో వెళ్లింది. దాన్ని పరీక్షించకుండా జనం మీదికి వదలకూడదు. టెస్టర్‌తో కాల్ పెడితే మాట మాటకూ ఆగిపోతోంది. చివరికి లాప్‌టాప్ తీసుకొని ఆటోలో ఎర్రముక్కపల్లిలోని పిన్ని వాళ్లింటికి వెళ్లి పని ముగించాను. అలా ఎక్కువ పోయిన డబ్బు తర్వాత వెనక్కి ఇచ్చేశాం. కానీ ఆసుపత్రిలో మందుల చీటీ పట్టుకొని నిలబడ్డ మనిషికి ఆ పూట ఆ డబ్బుతోనే కదా అవసరం!

మా కేబుల్ ఆపరేటర్‌ను తప్పుపట్టలేను. ఫైబర్ తెగితే కరెంటు తీగలా మెలిపెట్టి టేపు చుట్టడం కుదరదు. వెంట్రుకంత గాజు పోగులను ఒక్కొక్కటీ మెషిన్‌లో పెట్టి, కరిగించి అతకాలి. ఆయన రోడ్డు పక్కన ఎండలో కూర్చొని అదంతా చేశాడు. ఆ ఖర్చు కూడా ఆయన మీదే పడింది.

ఇందుకు దారి ఎప్పుడో చూపించారు. కేంద్ర టెలికం శాఖ తయారుచేయించిన 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను 2023 మార్చి 22న ప్రధాని మోదీ ప్రారంభించారు. ఎక్కడ తవ్వబోతున్నారో అందులో నమోదు చేస్తే, అక్కడ కేబుళ్లు, పైపులు ఉన్న సంస్థలకు కబురు వెళ్తుంది. అడగకుండా తవ్వడం వల్ల దేశానికి ఏటా దాదాపు 3,000 కోట్ల రూపాయల నష్టమని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. యాప్‌లు తయారుచేసే మనిషిగా చెబుతున్నాను, యాప్ ఉన్నంత మాత్రాన ఎవరూ వాడరు. అందులో నమోదు చేయనిదే పని మొదలుపెట్టకూడదని టెండర్‌లోనే షరతు రాయాలి, తెంపితే బాగుచేయించే ఖర్చు కాంట్రాక్టరే భరించాలి. పెద్ద కంపెనీల లైన్లతో పాటు మా వీధి ఆపరేటర్ లాంటి వాళ్ల లైన్లు కూడా అందులోకి ఎక్కేలా అధికారులు చూడాలి.

మహిళలకు ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు పెద్ద ఎత్తున కల్పించే ఆలోచన ఉందని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రకటించినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివి బెంగళూరు వెళ్లిన మా బంధువుల అమ్మాయి, "అక్కా, అక్కడ నెట్ బాగుంటుందా? నేనూ వచ్చేయనా?" అని అడుగుతూనే ఉంది. ధైర్యంగా రమ్మని చెప్పలేకపోతున్నాను.

షరతులు, టెండర్లు అంటే సమయం పడుతుంది, తెలుసు. ఈలోగా ఫలానా వీధిలో రేపు తవ్వుతున్నామని వార్డు సచివాలయం నుంచి ముందు రోజు ఒక మెసేజ్ పంపించండి. కేబుల్ ఆపరేటర్ వచ్చి లైన్ ఎక్కడుందో చూపిస్తాడు. నేనూ ఆ రోజు యాప్‌లో కొత్త మార్పులు జనానికి వదిలే పని (రిలీజ్) పెట్టుకోను.

– ఒక యాప్ డెవలపర్, చిన్నచౌకు, కడప