పట్టా రాసిన కరణం పెద్దమనిషి కాలేడు

సంపాదకులు గారికి నమస్కారం.

ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రజల మధ్య శాంతికి బ్రిటన్ మళ్లీ చొరవ తీసుకోవాలనీ, ముప్పై ఏళ్లు ఆ నేలను ఏలిన దేశానికి తెలిసినంతగా అక్కడి సంగతులు మరొకరికి తెలియవనీ వాదిస్తూ మీ సంపాదకీయ పుటలో వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసకర్త సదుద్దేశాన్ని శంకించను. 2025 సెప్టెంబర్ 21న బ్రిటన్ పాలస్తీనాను దేశంగా గుర్తించిన తరువాత ఇలాంటి ఆశ కలగడం సహజమే. అయితే ఏలినవాడికి అన్నీ తెలుసు కనుక తీర్పరిగా కూర్చోవచ్చునన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. ఒకే చేనుకు ఇద్దరి పేరా పట్టా రాసిచ్చిన కరణం, ఆ ఇద్దరూ తలలు పగలగొట్టుకున్నాక పంచాయితీకి పెద్దమనిషిగా వస్తానంటే ఊరు ఒప్పుకోదు. అడంగల్ పట్టుకొని సాక్షిగా రమ్మంటుంది.

ఇద్దరికి రాసిచ్చారనడం అతిశయోక్తి కాదు. ఆనాడు తమను ఏలుతున్న తుర్కుల మీద తిరగబడితే అరబ్బుల స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తామని ఈజిప్టులోని బ్రిటిష్ హైకమిషనర్ మెక్‌మహాన్ 1915లో మక్కా షరీఫ్ హుస్సేన్‌కు రాశాడు. ఆ హామీలో పాలస్తీనా ఉందా లేదా అన్నది నేటికీ తెగని తగాదాయే. మరుసటి ఏడే సైక్స్–పికో ఒప్పందంలో అదే ప్రాంతాన్ని ఫ్రాన్సుతో కలిసి పటం మీద పంచుకున్నారు. 1917 నవంబర్ 2న విదేశాంగ మంత్రి బాల్ఫర్, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడడాన్ని తమ ప్రభుత్వం సమర్థిస్తుందని బ్రిటన్‌లోని యూదు ప్రముఖుడు లార్డ్ రాత్‌షైల్డ్‌కు లేఖ పంపాడు. జనాభాలో దాదాపు తొంభై శాతం ఉన్న అరబ్బులను ఆ లేఖ పేరు పెట్టి ప్రస్తావించనైనా లేదు. వారి పౌర, మత హక్కులకు భంగం రానీయమని చెప్పి, రాజకీయ హక్కుల ఊసెత్తకుండా వదిలేసింది. ఆ ప్రకటనను లోపలినుంచే గట్టిగా వ్యతిరేకించినవాడు యూదు మంత్రి ఎడ్విన్ మాంటేగ్. దానివల్ల ఇతర దేశాల్లోని యూదులంతా సొంత గడ్డ మీదే పరాయివాళ్లవుతారన్నది ఆయన భయం. లేఖ వెలువడే నాటికి ఆయన భారత వ్యవహారాల మంత్రి హోదాలో మన దేశానికి ప్రయాణంలో ఉన్నాడు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం మన పెద్దలు ఆ ఏడాది చివర మద్రాసులో విజ్ఞాపన ఇచ్చింది ఈ మాంటేగ్‌కే. రెండు చోట్లా ఎవరి రాత ఎవరి చేతిలో ఉండేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

బెంగళూరులో ఉంటూ ఈ విషయం రాస్తున్నవాడు జె.సి. నగర్‌లోని మైసూర్ లాన్సర్ల స్మారక స్తంభాన్ని తలచుకోకుండా ఉండలేడు. 1918 సెప్టెంబర్ 23న మరతుపాకుల ఎదుట గుర్రాల మీద దూకి పాలస్తీనాలోని హైఫాను పట్టుకున్నది మైసూరు, జోధ్‌పూర్ దళాలు; అదే బ్రిగేడులో హైదరాబాదు లాన్సర్లూ ఉన్నారు. ఏటా ఆ తేదీన ఇక్కడ పుష్పగుచ్ఛాలు పెడతారు, వీరత్వాన్ని కొనియాడతారు. కొనియాడవలసిందే. అయితే ఎవరి కోసం గెలిచారో, గెలిచిన నేల ఎవరి ఏలుబడిలోకి వెళ్లిందో ఆ ప్రసంగాల్లో వినబడదు.

ఇక, అంతగా తెలిసిన ఆ పాలన ఎలా సాగిందో చూద్దాం. 1936లో మొదలైన అరబ్బుల తిరుగుబాటును అణచడానికి, కలకత్తా పోలీసు కమిషనరుగా విప్లవకారులను వేటాడి పేరు మోసిన చార్లెస్ టెగార్ట్‌ను పాలస్తీనాకు పిలిపించారు. ఆయన సలహా మీద దేశమంతటా కాంక్రీటు పోలీసు కోటలు లేచాయి. రమల్లాలోని ముకాటా వాటిలో ఒకటి. బ్రిటిషువారు వెళ్లాక జోర్డాన్, ఆపైన ఇజ్రాయెల్ సైన్యం దాన్ని వాడుకున్నాయి. తరువాత పాలస్తీనా అథారిటీ కార్యాలయమై, 2002లో యాసర్ అరాఫత్ ముట్టడిలో చిక్కుకున్నది ఆ గోడల మధ్యనే. చట్టం సంగతీ అంతే. 1945లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన అత్యవసర రక్షణ నిబంధనలు విచారణ లేకుండా నిర్బంధించడానికీ, ఇళ్లు కూల్చడానికీ అధికారమిచ్చాయి. మనవాళ్లు రౌలట్ చట్టాన్ని తిట్టినట్టే 1946లో టెల్ అవీవ్‌లో యూదు న్యాయవాదులు సభ పెట్టి ఈ నిబంధనలను దుయ్యబట్టారు. ఈనాడు వెస్ట్ బ్యాంకులో దాడి చేశాడన్న ఆరోపణ ఉన్నవాడి కుటుంబం ఇంటిని శిక్షగా కూల్చడానికి బుల్డోజరు వస్తే, దాని వెనుక ఉండే అధికారం ఆ నిబంధనల్లోని 119వదే. తిట్టినవారి రాజ్యమే దాన్ని చెత్తబుట్టలో వేయక దాచుకుందన్నది వేరే విషాదం.

యూదులకు మాత్రం మేలు జరిగిందా? హిట్లర్ చేతుల్లో వారి బతుకు బుగ్గవుతున్న వేళ, 1939 శ్వేతపత్రంతో ఐదేళ్లకు 75,000 మందిని మించి రానీయమని తలుపు మూశారు. 1942 ఫిబ్రవరిలో పాలస్తీనా ప్రవేశానికి అనుమతి దొరకక నల్లసముద్రంలో మునిగిపోయిన స్ట్రూమా ఓడలో 760 మందికి పైగా శరణార్థులు చనిపోయారు. అందువల్ల బ్రిటన్ మీద ఫిర్యాదు అరబ్బులొక్కరిది కాదు. ఇరుపక్షాలూ నమ్మనివాడు మధ్యవర్తి ఎలా అవుతాడో వ్యాసకర్త చెప్పలేదు.

వెళ్లిపోయిన తీరు మరీ అన్యాయం. పాలస్తీనా సమస్యను ఐక్యరాజ్యసమితికి అప్పగిస్తామని బ్రిటన్ విదేశాంగ మంత్రి బెవిన్ పార్లమెంటులో చెప్పింది 1947 ఫిబ్రవరి 18న. భారతదేశాన్ని వదిలి వెళతామని ప్రధాని అట్లీ ప్రకటించింది రెండు రోజుల తరువాత. ఇక్కడ రాడ్‌క్లిఫ్ అయినా ఒక సరిహద్దు గీత గీశాడు, అది స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు బయటపడినా. అక్కడ ఆ పాటి పని కూడా చేయకుండా, అధికారం ఎవరికి అప్పగిస్తున్నదీ చెప్పకుండా, 1948 మే నెలలో జెండా దించుకొని పోయారు. ఏడు లక్షల మంది పాలస్తీనియన్లు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నారు.

కనుక ప్రస్తుతం బ్రిటన్ చేయగలిగిందేమిటి? పెద్దరికం కాదు. 2007 నుంచి 2015 వరకు చతుష్టయ (అమెరికా, రష్యా, ఐరోపా యూనియన్, ఐక్యరాజ్యసమితి కూటమి) ప్రతినిధిగా ఉన్న బ్రిటన్ మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్ పేరును, 2025 సెప్టెంబర్‌లో ప్రకటించిన ట్రంప్ ప్రణాళికలో గాజాను పర్యవేక్షించే మండలికి మళ్లీ చేర్చడం చూస్తే హైకమిషనర్ల కాలం గుర్తుకు రాక మానదు. ఆయన ఇరాక్ యుద్ధం సంగతి అరబ్బులు మరిచిపోయారని అనుకోవాలా? 1993లో ఓస్లో ఒప్పందం కోసం ఇరుపక్షాలనూ ఒకచోట కూర్చోబెట్టగలిగిన నార్వేకు ఆ నేల మీద ఏనాడూ జెండా లేదు. బహుశా అందుకే దాని మాట చెల్లింది. ఆ ఒప్పందం తరువాత ఏమైందన్నది మరో కథ.

బ్రిటన్ తన చేతిలో ఉన్నవి చేస్తే చాలు. మాండేటు (నానాజాతి సమితి అప్పగించిన బ్రిటిష్ పాలన) నాటి భూమి రిజిస్టర్లు, గ్రామాల సర్వే పటాలు ఉన్నాయి. శరణార్థులు వదిలివెళ్లిన ఆస్తులను లెక్కగట్టేటప్పుడు ఐక్యరాజ్యసమితి రాజీ సంఘం వాటినే ఆధారం చేసుకుంది. రేపు పరిహారం గురించి ఏ చర్చ జరిగినా ఆ కాగితాలు కావాలి. వాటికి సాక్ష్యం చెప్పవలసినవాడు వాటిని రాసినవాడే. ఆయుధాల విషయం మరొకటి: 2024 సెప్టెంబర్‌లో సుమారు 350 ఎగుమతి లైసెన్సుల్లో 30 దాకా నిలిపివేసిన బ్రిటన్, ఎఫ్–35 యుద్ధ విమానాల విడిభాగాలకు దారి వదిలింది. ఒక చేత్తో దేశంగా గుర్తిస్తూ మరో చేత్తో ఆ విడిభాగాలు పంపడం ఏ ధర్మమో! క్షమాపణ మాటకొస్తే, మౌమౌ తిరుగుబాటు కాలపు చిత్రహింసలకు 2013లో విచారం తెలిపి, కెన్యాలో ఐదు వేల మందికి పైగా బాధితులకు పరిహారం ఇచ్చిన దాఖలా ఉంది. అది కూడా కోర్టుకెక్కిన తరువాతే. జలియన్‌వాలాబాగ్ నూరేళ్ల సందర్భంలో మనకు దక్కింది విచారమే, క్షమాపణ కాదు. బాల్ఫర్ లేఖ శతాబ్దిని గర్వంగా జరుపుకుంటామని 2017లో అప్పటి ప్రధాని థెరిసా మే అన్నారు కూడా.

వ్యాసంలో ఒక పొరపాటు ఉంది, సవరించగోరుతున్నాను. 1947 నవంబర్ 29న ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజన తీర్మానానికి బ్రిటన్ అనుకూలంగా ఓటు వేసిందని రాశారు. అనుకూలంగా 33, వ్యతిరేకంగా 13 ఓట్లు పడ్డాయి. తటస్థంగా ఉండిపోయిన పది దేశాల్లో బ్రిటన్ ఒకటి. వ్యతిరేకించిన పదమూడింటిలో, అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి నాలుగు నెలలైనా నిండని మన దేశం ఉంది.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
బెంగళూరు