గ్యాస్ మాత్రల కోసం వచ్చిన తమ్ముడికి కృతజ్ఞతలు

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మా మందుల షాపుకు గ్యాస్ మాత్రల కోసం వచ్చి, సీసీ కెమెరా వీడియో తెరిపించి వెళ్లిన తమ్ముడికి నమస్కారాలు. పేరు అడిగితే "ఎందుకులేన్నా" అన్నావు. అందుకే ఇలా అందరి ముందూ చెప్పుకుంటున్నా.

ఒకావిడ కౌంటర్ మీద మరిచిపోయిన పర్సు ఎవరు తీసుకెళ్లారో చూడాలి. పాపం, ఆమె ఎదురుగానే నిలబడి ఉంది. డీవీఆర్ (కెమెరా రికార్డింగులు దాచే పరికరం) పేజీ కంప్యూటర్‌లో తెరిస్తే వీడియో రావాల్సిన చోట నల్లటి పెట్టె, కింద 'ప్లగిన్ (బ్రౌజర్‌కు తోడుగా ఎక్కించే చిన్న ప్రోగ్రాం) ఇన్‌స్టాల్ చేయండి' అని. చేస్తే అయిపోయిందంటుంది, పేజీ తెరిస్తే మళ్లీ అదే పాట. కెమెరాలు బిగించినవాళ్లు ఫోనే ఎత్తలేదు.

నువ్వు చూడగానే ప్లగిన్‌లో లోపం లేదన్నావు. అది పాత యాక్టివ్‌ఎక్స్ రకమట, క్రోమ్‌లో ఎంత ఎక్కించినా దండగే. అది పనిచేసే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నేమో 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఆపేసింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల కొత్త బ్రౌజర్ ఎడ్జ్ సెట్టింగుల్లో 'డీఫాల్ట్ బ్రౌజర్' అనే చోట ఐఈ మోడ్‌కు (పాత ఎక్స్‌ప్లోరర్‌లా పేజీ తెరిచే పద్ధతి) అనుమతిచ్చి, డీవీఆర్ అడ్రస్ చేర్చావు. బ్రౌజర్లన్నీ మూసేసి, ప్లగిన్ ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేశావు. పేజీ తెరవగానే బొమ్మ వచ్చేసింది. (నా టెన్షన్ చూసి నవ్వావు, అది మాత్రం మర్చిపోను.)

చేర్చిన అడ్రస్‌కు 30 రోజులే గడువని, తర్వాత మళ్లీ చేర్చుకోవాలని చీటీ రాసి మరీ ఇచ్చావు. దాన్ని మానిటర్‌కే అంటించా.

పర్సును ఒక పెద్దాయన తనదనుకుని తీసుకెళ్లాడు, సాయంత్రానికి తిరిగొచ్చింది. మాత్రలకు డబ్బులిచ్చే వెళ్లావు. ఈసారి వస్తే తీసుకోను.